వ్యసన చికిత్సపై పార్లమెంటు పరిశీలన: స్థాయీ సంఘాల పనితీరుకు ఒక పాఠకుడి సమీక్ష

రేషన్ దుకాణం, మీసేవ కేంద్రం, జిల్లా ఆసుపత్రి వంటి ప్రభుత్వ సేవల మంచిచెడ్డలను మనం రోజూ చెప్పుకుంటాం. ఆ సేవలకు కేటాయించిన డబ్బు ఏమైందో, వాటి వెనుక ఉన్న విధానం ఫలించిందో లేదో మన తరఫున మంత్రిత్వ శాఖలను అడగడానికి ఏర్పాటైన పార్లమెంటు స్థాయీ సంఘాలు కూడా ఒక సేవే. వాటి ఖర్చూ మనదే. ఈ సమీక్ష ఆ సేవలో ఒక్క భాగానికే పరిమితం. ప్రజారోగ్యాన్ని, అందులోనూ మద్యం, మాదకద్రవ్యాల వ్యసనానికి చికిత్సను ఈ సంఘాలు ఎంత లోతుగా పరిశీలిస్తున్నాయన్నదే ఇక్కడి ప్రశ్న. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. సమాచారం కోసమైతే ఈ నివేదికలంత నమ్మదగినవి మరోచోట దొరకడం కష్టం. జవాబుదారీతనం కోసమైతే పని సగంలో ఆగిపోతోంది. ఇంట్లో వ్యసనంతో బాధపడుతున్న మనిషి ఉన్న కుటుంబం, చికిత్స నాణ్యత గురించి ఏదైనా తెలుస్తుందని వీటిని తెరిస్తే మాత్రం నిరాశ తప్పదు. అందుకు సభ్యుల అలసత్వం కంటే పనిని శాఖల మధ్య పంచిన తీరే ఎక్కువ కారణమని నా నమ్మకం.

శాఖల వారీ స్థాయీ సంఘాల వ్యవస్థ 1993లో 17 సంఘాలతో మొదలై, 2004లో 24 సంఘాలకు విస్తరించింది. ఒక్కో సంఘంలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది సభ్యులు ఉంటారు. మంత్రులకు అందులో చోటు లేదు. బడ్జెట్ ప్రవేశపెట్టిన తర్వాత సభలకు విరామం దొరికే రోజుల్లో తమ శాఖ పద్దులను పరిశీలించడం, సభాధ్యక్షులు పంపిన బిల్లులను క్షుణ్ణంగా చదవడం, శాఖల వార్షిక నివేదికలనూ దీర్ఘకాలిక విధాన పత్రాలనూ పరీక్షించడం వీటికి అప్పగించిన పనులు. రోజువారీ పాలనా వ్యవహారాల జోలికి పోకూడదన్న నియమం ఉంది. కార్యదర్శి స్థాయి అధికారులను పిలిపించి ప్రశ్నించవచ్చు, నిపుణులనూ స్వచ్ఛంద సంస్థలనూ వినవచ్చు, కావలసిన పత్రాలు తెప్పించుకోవచ్చు. ఇంత చేసి ఇచ్చే సిఫారసుకు మాత్రం సలహాకు ఉండే విలువే ఉంటుంది. సమావేశాలు తలుపులు మూసుకుని జరుగుతాయి. కెమెరా లేని చోట సభ్యులు పార్టీ గీతను దాటి ప్రశ్నలు అడుగుతారని దీనిని సమర్థించేవారు చెబుతారు. సభలో ఒకరి మాట ఒకరు వినని పార్టీల వారే ఇక్కడ ఒకే నివేదిక మీద ఏకాభిప్రాయానికి రావడం చూస్తే ఆ వాదనలో నిజం లేకపోలేదు.

వ్యసన చికిత్స దగ్గరకు వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. మాదకద్రవ్యాల వాడకాన్ని తగ్గించే బాధ్యత సామాజిక న్యాయం, సాధికారత మంత్రిత్వ శాఖది. స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలకు ఇచ్చే గ్రాంట్లు, 2020 ఆగస్టు 15న 272 జిల్లాల్లో మొదలైన నశా ముక్త్ భారత్ అభియాన్, 14446 హెల్ప్‌లైన్ అన్నీ ఆ శాఖ కిందికే వస్తాయి. మానసిక వైద్యులు, ఘాజియాబాద్‌లో ఎయిమ్స్ నడిపే జాతీయ వ్యసన చికిత్స కేంద్రం, సూదులతో మత్తు ఎక్కించుకునేవారికి జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఆధ్వర్యంలో, హెరాయిన్ వంటి మత్తుకు బదులుగా మందు ఇచ్చే ఓపియాయిడ్ ప్రత్యామ్నాయ చికిత్స ఆరోగ్య మంత్రిత్వ శాఖవి. అక్రమ రవాణాను పట్టుకునే కేంద్ర సంస్థ ఎన్‌సీబీ హోం శాఖది. వీటన్నిటికీ చట్టపరమైన ఆధారమైన 1985 నాటి మాదకద్రవ్యాల నియంత్రణ చట్టాన్ని (ఎన్‌డీపీఎస్) చూసేది ఆర్థిక శాఖలోని రెవెన్యూ విభాగం. నాలుగు మంత్రిత్వ శాఖలంటే నాలుగు స్థాయీ సంఘాలు. వాటిలో సామాజిక న్యాయం, ఆర్థికం లోక్‌సభ స్పీకర్ పరిధిలోనూ, ఆరోగ్యం, హోం రాజ్యసభ ఛైర్మన్ పరిధిలోనూ పనిచేస్తాయి. చికిత్స కేంద్రాలను స్థాపించడమే కాక, ఇతరులు నడిపే కేంద్రాలను గుర్తించి ఆమోదించే అధికారాన్ని కూడా ప్రభుత్వానికి ఇస్తూ ఎన్‌డీపీఎస్ చట్టం 71వ సెక్షన్‌ను 2014లో సవరించారు. ఆ సవరణ చట్టానికి మూలమైన 2011 నాటి బిల్లును పరిశీలించింది ఆర్థిక శాఖ స్థాయీ సంఘం. జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గరకు తీసుకువెళ్లినట్లు ఉందీ ఏర్పాటు. ఆయన శ్రద్ధగానే చూస్తాడు, కానీ చూసేది లెక్కలనే.

ఈ విభజన ఫలితం 2023 ఆగస్టులో స్పష్టంగా కనిపించింది. ఆ నెలలో రమాదేవి అధ్యక్షతన ఉన్న సామాజిక న్యాయ సంఘం యువతలో మాదకద్రవ్యాల వినియోగంపై తన 51వ నివేదికను సమర్పించింది. అదే నెలలో భువనేశ్వర్ కలిత అధ్యక్షతన ఉన్న ఆరోగ్య సంఘం మానసిక ఆరోగ్య సంరక్షణపై తన 148వ నివేదికను సమర్పించింది. మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అనారోగ్యం నిర్వచనంలోనే చేర్చింది గనుక, ఈ రెండు నివేదికలూ చాలావరకు ఒకే రోగి గురించి మాట్లాడుతున్నాయనుకోవచ్చు. అయినా మొదటి నివేదికలో అతడు అవగాహన కార్యక్రమాలు, పునరావాస గ్రాంట్ల లబ్ధిదారు. రెండవ నివేదికలో లక్ష మందికి 0.75 మంది మాత్రమే ఉన్న మానసిక వైద్యుల కోసం ఎదురుచూసే రోగి. లక్షకు ముగ్గురు చొప్పున కావాలంటే మరో 27,000 మంది మానసిక వైద్యులు అవసరమని ఆరోగ్య సంఘం లెక్క చెప్పింది. ఆ వైద్యులు లేకుండా పునరావాస కేంద్రాలు ఎలా నడుస్తున్నాయన్న ప్రశ్నను రెండు శాఖల అధికారులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి అడిగితే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

ఈ నివేదికల్లో నాకు నచ్చినది గణాంకాలకు ఇచ్చే స్థానం. ఎయిమ్స్ వ్యసన చికిత్స కేంద్రం రెండు లక్షలకు పైగా ఇళ్లలో సర్వే చేసి 2019లో వెలువరించిన ఫలితాలే ఇప్పటికీ ఈ చర్చ మొత్తానికి పునాది. 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో 14.6 శాతం మంది, అంటే సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారనీ, దాదాపు 5.7 కోట్ల మందికి మద్యం సమస్యలకు సహాయం అవసరమనీ, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందనీ ఆ సర్వే తేల్చింది. 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.58 కోట్ల మంది ఏదో ఒక మత్తు పదార్థం వాడుతున్నారన్న అంచనా కూడా దాని నుంచే వచ్చింది. పత్రికల్లో ఒక్కరోజు శీర్షికై మరుగున పడిపోయే ఇలాంటి అంకెలను పట్టుకుని, వాటి ముందు శాఖ ఖర్చునూ, కేంద్రాల సంఖ్యనూ, లబ్ధిదారుల సంఖ్యనూ పెట్టి శాఖ చేతనే రాతపూర్వకంగా చెప్పించడం సంఘాలు నిజంగా చేసిన మేలు. సమాచార హక్కు దరఖాస్తు పెట్టినా ఇంత సులభంగా రాని వివరాలు అనుబంధాల్లో కనిపిస్తాయి.

నచ్చనిది, ఆ అంకెల దగ్గరే ఆగిపోవడం. ఎందరికి అవగాహన కల్పించారు, ఎన్ని కళాశాలల్లో ప్రతిజ్ఞ చేయించారు, ఎన్ని జిల్లాల్లో కేంద్రం లేదు అన్న ప్రశ్నలు తరచుగా వస్తాయి. కేంద్రం నుంచి ఇంటికి వెళ్లినవారిలో ఆరు నెలల తర్వాత ఎందరు మత్తుకు దూరంగా ఉన్నారు, ఎందరు మళ్లీ చేరారు, ఎందరు మరణించారు, కేంద్రానికి వైద్యుడు వారంలో ఎన్ని గంటలు వస్తున్నాడు, మత్తు ఆపగానే ఒళ్లు తిరగబడే విత్‌డ్రాయల్ రోజుల్లో ఏ మందులు ఇస్తున్నారు, ఇష్టం లేకుండా తీసుకొచ్చినవారిని ఏ చట్టం కింద ఉంచుతున్నారు అన్న ప్రశ్నలకు అంత చోటు దక్కదు. వ్యసనం మళ్లీ మళ్లీ తిరగబెట్టే దీర్ఘకాలిక వ్యాధి అని తెలిసిన ఎవరికైనా అసలు లెక్క ఇదేనని తెలుసు. శాఖకు తాను చేర్చుకున్నవారి సంఖ్య చెప్పడం సుఖం; నిలబడ్డవారి సంఖ్య చెప్పమని సంఘం పట్టుబట్టనంత కాలం ఆ సుఖానికి భంగం రాదు. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చిన వ్యసనపరులకు ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇచ్చే ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్‌ను కోర్టుల్లో ఎంతమంది వాడుకోగలిగారన్నది కూడా ఇలాంటి ప్రశ్నే. దానికి జవాబు చెప్పాలంటే హోం, ఆర్థిక, సామాజిక న్యాయ శాఖలు మూడూ ఒకేసారి నోరు విప్పాలి.

సంఘాలకు ఆ పట్టుదల లేదని చెప్పడం అన్యాయం. మన ఖమ్మం జిల్లాయే దానికి రుజువు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మంలోనూ, గుజరాత్‌లోని వడోదరలోనూ పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వాల భాగస్వామ్యంతో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నిరోధించే హెచ్‌పీవీ టీకాను వేలాది మంది ఆడపిల్లలకు వేశారు. ఖమ్మంలో వారిలో చాలామంది ప్రభుత్వ వసతిగృహాల్లో చదువుకుంటున్న గిరిజన బాలికలు. పిల్లల మరణాల వార్తలతో 2010లో ఆ కార్యక్రమం ఆగింది. మరణాలకు టీకా కారణం కాదని విచారణ బృందం అభిప్రాయపడినా, ఆరోగ్య శాఖ స్థాయీ సంఘం అక్కడితో వదలలేదు. 2013 ఆగస్టులో సమర్పించిన 72వ నివేదికలో అది అనుమతి పత్రాలనే లెక్కపెట్టింది: ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలతోనూ, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలతోనూ ఉన్నాయి. తల్లిదండ్రుల అంగీకారం అన్న మాటకు ఆ జిల్లాలో ఎంత అర్థం మిగిలిందో ఈ మూడు అంకెలు చెప్పినంతగా పేజీల కొద్దీ విమర్శ చెప్పలేదు. ప్రైవేటు సంస్థనూ, దానికి సహకరించిన ప్రభుత్వ సంస్థలనూ పేరు పెట్టి తప్పుపట్టి, వాటి మధ్య ప్రయోజనాల ఘర్షణను చూపిన ఆ నివేదికను నేను ఈ వ్యవస్థ ఇచ్చిన అత్యుత్తమమైన పనిగా లెక్కిస్తాను. అదే సంఘం అంతకు ఏడాది ముందు, 2012 మేలో, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ పనితీరుపై ఇచ్చిన 59వ నివేదికకూ అదే పదును ఉంది. 2008 జనవరి, 2010 అక్టోబరు మధ్య 31 కొత్త మందులకు భారతీయ రోగులపై క్లినికల్ ట్రయల్స్ లేకుండానే అనుమతి ఇచ్చారని అందులో తేల్చారు.

ఖమ్మం నివేదికకు మరో ఫలితం కూడా ఉంది, అది న్యాయశాస్త్రానికి సంబంధించినది. బాలికల తరఫున వేసిన వ్యాజ్యంలో ఆ నివేదికను ఆధారంగా చూపవచ్చా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్లింది. కల్పనా మెహతా కేసులో 2018 మే 9న ఇచ్చిన తీర్పు ప్రకారం పార్లమెంటు సంఘం నివేదికను కోర్టులు పరిగణనలోకి తీసుకోవచ్చు గానీ, దాని చెల్లుబాటును కోర్టులో సవాలు చేయడానికి వీల్లేదు. సలహా విలువే ఉన్న కాగితానికి ఆ తీర్పుతో కొంత ఆయుష్షు పెరిగింది. డీఅడిక్షన్ కేంద్రాల్లో జరిగే హింసపైనో, అనుమతి లేని కేంద్రాలపైనో హైకోర్టుకు వెళ్లే న్యాయవాదులు ఈ తలుపును ఇంకా బాగా వాడుకోవచ్చు.

పొగాకు విషయంలో ఈ వ్యవస్థ ఇచ్చిన సేవ చాలా నాసిరకం. సిగరెట్, బీడీ పెట్టెల మీద 85 శాతం స్థలంలో బొమ్మల హెచ్చరిక ఉండాలన్న నిబంధనను, చట్టాల కింద ప్రభుత్వం చేసే నిబంధనలను చూసే లోక్‌సభ అధీన శాసనాల సంఘం పరిశీలనకు తీసుకుంది. 2015 మార్చిలో సంఘం అధ్యక్షుడు దిలీప్ గాంధీ, పొగాకుకూ క్యాన్సర్‌కూ సంబంధాన్ని నిరూపించే భారతీయ అధ్యయనం ఏదీ లేదన్న అర్థంలో మాట్లాడి విమర్శల పాలయ్యారు. ఆ సంఘంలో సభ్యుడైన శ్యామాచరణ్ గుప్తా స్వయంగా బీడీ పరిశ్రమ అధిపతి. ఏడాది తర్వాత వచ్చిన నివేదిక హెచ్చరికను 50 శాతానికి తగ్గించమని సిఫారసు చేసింది. ప్రభుత్వం ఆ సలహాను పక్కన పెట్టి 2016 ఏప్రిల్ 1 నుంచి 85 శాతాన్నే అమలు చేసింది. కర్ణాటక హైకోర్టు 2017 డిసెంబరులో ఆ నిబంధనలను కొట్టివేస్తే, 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. సంఘాల సిఫారసులు ప్రభుత్వానికి తప్పనిసరి కావాలని కోరేవారు ఒక్కసారి ఈ ఉదంతాన్ని తలచుకోవాలి. వ్యసనాన్ని అమ్ముకునే వ్యాపారంతో సంబంధం ఉన్న సభ్యుడు వ్యసన విధానాన్ని పరిశీలించే బల్ల దగ్గర కూర్చోకుండా చూసే కట్టుదిట్టమైన ఏర్పాటు లేకపోతే, తప్పనిసరి చేసిన సిఫారసు ప్రజారోగ్యానికే చేటు.

పోలికకు బ్రిటన్‌ను చూడవచ్చు. అక్కడి హౌస్ ఆఫ్ కామన్స్ సెలెక్ట్ కమిటీలు సాక్షులను సాధారణంగా బహిరంగంగా, ప్రత్యక్ష ప్రసారంలో విచారిస్తాయి; రాతపూర్వక సాక్ష్యాలనూ, మాటామాటా నమోదైన విచారణనూ ప్రచురిస్తాయి; ప్రభుత్వం రెండు నెలల్లో జవాబు ఇవ్వాలన్నది ఆనవాయితీ. కుటుంబ వైద్యురాలిగా పనిచేసిన సారా వొల్లాస్టన్ అధ్యక్షతన ఆరోగ్య కమిటీ 2019లో ఇచ్చిన నివేదిక, మాదకద్రవ్యాల విధానాన్ని హోం శాఖ నుంచి ఆరోగ్య శాఖకు మార్చాలని సూటిగా చెప్పింది. మన నాలుగు శాఖల చిక్కుకు సరిపోయే సిఫారసు అది. అక్కడి ప్రభుత్వం దాన్ని ఒప్పుకోలేదు. అదే ఏడాది స్కాటిష్ వ్యవహారాల కమిటీ మత్తు మరణాలను ప్రజారోగ్య అత్యవసర స్థితిగా చూడమన్నా లండన్ వైఖరి మారలేదు. వైద్య పర్యవేక్షణలో మత్తు తీసుకునే వీలున్న కేంద్రం గ్లాస్గోలో 2025 జనవరిలో తెరుచుకుంది గానీ, దానికి దారి ఇచ్చింది లండన్ ప్రభుత్వ అంగీకారం కాదు, స్కాట్లాండ్ ప్రాసిక్యూషన్ అధిపతి నిర్ణయం. తలుపులు తెరిచినంత మాత్రాన ప్రభుత్వం వింటుందన్న భ్రమ అక్కర్లేదు. అయితే ఎవరు ఏమి చెప్పారో, మంత్రి ఎక్కడ తడబడ్డాడో అక్కడి పౌరుడు చూడగలడు. మనకు నివేదిక చివర జోడించిన సమావేశ వివరాల్లో ఎవరెవరు హాజరయ్యారో, ఏ అంశం చర్చకు వచ్చిందో రెండు పేరాల్లో తెలుస్తుంది, అంతే.

అందుబాటు విషయానికి వస్తే, నివేదికలన్నీ పార్లమెంటు వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి, కానీ ఇంగ్లీషులోనూ హిందీలోనూ మాత్రమే. ఖమ్మం బాలికల గురించి రాసిన నివేదిక ఆ బాలికల తల్లిదండ్రులు చదవగల భాషలో లేదు. ప్రజల నుంచి వినతిపత్రాలు కోరుతూ సంఘాలు ఇచ్చే ప్రకటనల్లో గడువు చాలా తక్కువగా ఉంటుంది. మారుమూల జిల్లాలో కేంద్రం నడిపేవారికి ఆ ప్రకటన కంటపడేలోపే అది ముగిసిపోవచ్చు. ఇచ్చిన వినతిపత్రం సంఘం రికార్డుగా మారి గోప్యంగా ఉండిపోతుంది గనుక, మనం చెప్పినదానిలో ఎంత చేరిందో నివేదిక వచ్చేదాకా తెలియదు. సంఘాల కాలపరిమితి ఏడాదే కావడం మరో లోపం. వ్యసన చికిత్స వంటి చిక్కుముడి విషయంలో సభ్యులు పట్టు సాధించేసరికి కొత్త సంఘం వచ్చేస్తుంది.

పరిశీలనకు అసలు అవకాశమే రాని సందర్భాలూ ఉన్నాయి. ఈ-సిగరెట్లను నిషేధిస్తూ 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్ వచ్చింది. డిసెంబరు మొదటి వారానికల్లా, స్థాయీ సంఘానికి పంపకుండానే, ఉభయ సభలూ బిల్లును ఆమోదించాయి. నిషేధం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. నికోటిన్ మానాలనుకునే వారికి ప్రభుత్వం ఏ సహాయం చూపుతోందన్న ప్రశ్నను నిదానంగా అడిగే చోటు మాత్రం ఆ తొందరలో పోయింది.

తెలుగు రాష్ట్రాల దృష్టితో చూస్తే మరో పెద్ద ఖాళీ కనిపిస్తుంది. మద్యం, ప్రజారోగ్యం రెండూ రాజ్యాంగంలోని రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. మద్యం మీద వచ్చే ఆదాయమూ రాష్ట్రాలదే. తెలంగాణ జిల్లాల్లో కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మందులకు అలవాటుపడిన కూలీలు, ఎక్సైజ్ దాడుల తర్వాత కల్లు ఆగిపోగానే ఫిట్స్‌తో, మతి తప్పిన మాటలతో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి చేరడం కొత్త సంగతి కాదు. దుకాణం మూయించేది ఎక్సైజ్ శాఖ, రోగిని చూసేది వైద్య శాఖ; మూయించే ముందు ఆ ఊరి ఆరోగ్య కేంద్రంలో మందులు సిద్ధంగా ఉంచారా అని అడగవలసిన వేదిక ఢిల్లీలో లేదు. గంజాయి, హెరాయిన్ గురించిన జాతీయ నివేదికల్లో ఈ కల్లు రోగికి చోటు దొరకదు. ఆ ప్రశ్న మన శాసనసభల్లో పుట్టాలి. శాసనసభలు సమావేశమయ్యే కొద్ది రోజుల్లో ఇలాంటి పరిశీలనకు తీరిక ఎంత ఉంటుందో పాఠకులకు నేను చెప్పనవసరం లేదు.

ఇంత చెప్పిన తర్వాత కూడా ఈ సేవను వాడుకోమనే నా సలహా, అయితే సరైన పేజీ దగ్గర. పత్రికలు మొదటి నివేదికను రాసి వదిలేస్తాయి. అసలు పట్టు తీసుకున్న చర్యల నివేదికలో ఉంది. సిఫారసులపై ప్రభుత్వం మూడు నెలల్లో జవాబు చెప్పాలి. ఆ జవాబులను సంఘం మళ్లీ జల్లెడ పట్టి, ఒప్పుకున్నవి, సంఘమే వదిలేసినవి, జవాబు నచ్చక మళ్లీ నొక్కి చెప్పినవి, తుది జవాబు ఇంకా రానివి అని విడదీసి మరో నివేదిక ఇస్తుంది. లోక్‌సభ సంఘాల నివేదికల్లో నచ్చని జవాబులు నాలుగో అధ్యాయంలోనూ, వాటిపై సంఘం వ్యాఖ్యలు మొదటి అధ్యాయంలోనూ ఉంటాయి. శాఖ ఎక్కడ మాట దాటవేసిందో ఆ రెండు అధ్యాయాలు పక్కపక్కన పెట్టుకుని చదివితే స్పష్టమవుతుంది. డీఅడిక్షన్ కేంద్రం నడిపేవారు, ఈ రంగంలో పనిచేసే వైద్యులు, సామాజిక కార్యకర్తలు తమ వినతిపత్రాన్ని అక్కడి నుంచే మొదలుపెట్టడం మంచిది. అవగాహన సదస్సుల అవసరం గురించి రాసే బదులు, తమ కేంద్రం నుంచి ఇంటికి వెళ్లినవారిని ఆరు నెలల తర్వాత వెతికి పట్టుకున్న లెక్కను, గ్రాంటు ఏ నెలలో రావలసి ఏ నెలలో వచ్చిందో చూపే బ్యాంకు పత్రంతో సహా జతచేసి, ఒకే ప్రతిని సామాజిక న్యాయ సంఘానికీ ఆరోగ్య సంఘానికీ పంపాలి. రెండు సంఘాలూ ఒకే గదిలో కూర్చోకపోయినా, ఒకే కాగితం రెండు బల్లల మీదా ఉంటే, పక్క శాఖను అడగండి అన్న జవాబుతో తప్పించుకోవడం అధికారులకు కొంత కష్టమవుతుంది.